కుళ్ళిన గుడ్డు వాసన

విద్యార్థి సంఘం వారు ఉత్తరం రాశారు. "పూర్వ విద్యార్థిగా మన సావనీరుకు ఒక వ్యాసం పంపండి. మీకు బాగా గుర్తుండిపోయిన పాఠం గురించైతే మరీ సంతోషం" అని. నలభై ఏళ్ళు కెమిస్ట్రీ చదివి, చెప్పి, దాని జీతంతోనే ఇల్లు గడుపుకున్నవాణ్ణి. గుర్తున్న పాఠాలకేం కొదవ? కాని కళ్ళు మూసుకుని కూర్చుంటే ముందు తట్టింది పాఠం కాదు, వాసన. అదీ కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఆర్ట్స్ విద్యార్థులు ముక్కు మూసుకుని పేజీ తిప్పేయవద్దని మనవి. ఇందులో కెమిస్ట్రీ కొంచెమే. మిగతాదంతా మా ఊరు.

మాది దివిసీమ. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉండే పల్లె. 1975లో బి.ఎస్సీ.కి బందరు వచ్చి చిలకలపూడిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటివాళ్ళది రోల్డుగోల్డు పని. పొద్దున్నే లేచేసరికి వసారాలో గాజులు, గొలుసులు, దుద్దులు తళతళలాడుతూ ఉండేవి. ఇంటావిణ్ణి పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్నొకసారి అడిగింది: "ఏమయ్యా, కెమిస్ట్రీ చదువుతున్నావుగా, ఒకే రోజు పూత వేసిన రెండు జతల్లో ఒకావిడ చేతికి ఏడాదైనా మెరుస్తాయి, ఇంకొకావిడ చేతికి మూణ్ణెల్లకే నల్లబడతాయి. ఎందుకూ?" నేను తెలివిగా తల ఊపాను గాని జవాబు చెప్పలేదు. తెలిస్తేగా!

జవాబు లేబొరేటరీలో దొరికింది, అదీ నవ్వులపాలైన ఒక మిత్రుడి పుణ్యాన. మాకు ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ ఉండేది. లవణంలో ఏ లోహం ఉందో కనిపెట్టడానికి దాని ద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడు గ్యాసు పంపేవాళ్ళం. ఆ గ్యాసు కోసం చివరిగదిలో కిప్స్ ఎపరేటస్ ఉండేది. మూడు గాజు బుడ్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టుంటుంది. మధ్య బుడ్డిలో ఐరన్ సల్ఫైడు ముక్కలు, పైనించి సజల ఆమ్లం. బిరడా తిప్పితే గ్యాసు వస్తుంది. మూస్తే ఆ గ్యాసు వత్తిడికే ఆమ్లం వెనక్కి వెళ్ళి పని ఆగిపోతుంది. దీన్ని చేసిన కిప్ అనే ఆయన డచ్చి దేశస్థుడు, డెల్ఫ్ట్ పట్నంలో మందుల వ్యాపారి. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లోనే బందరు వచ్చి వర్తకం పెట్టారు. వాళ్ళ పేరు ఇవాళ్టికీ మా వలందపాలెంలో మిగిలి ఉంది. అందుకని మా డిమాన్‌స్ట్రేటరుగారు "ఈ వాసన కూడా వలందావాళ్ళదేరా" అని హాస్యమాడేవారు.

ఆ గదిలోకి వెళ్ళొచ్చినవాణ్ణి బస్సులో పక్కన ఎవరూ కూచోనిచ్చేవారు కాదు. కాని ఆ టెస్టుట్యూబులో రంగులు చూడాలి! కాడ్మియం అయితే పచ్చటి పసుపు. ఆంటిమొనీ అయితే నారింజ. రాగి, సీసం నలుపు. మాంగనీసు లేత గులాబి, జింకు తెలుపు. మంత్రం వేసినట్టుండేది.

మా మిత్రుడొకడు వేలికి ఉంగరం పెట్టుకొచ్చేవాడు. మేనమామ పెట్టిన మేలిమి బంగారమని చెప్పుకునేవాడు. ఒక రోజు కిప్స్ గదిలో ఎక్కువసేపు నిలబడ్డాడు. బయటికొచ్చేసరికి ఉంగరం అంచులంతా మసి పూసినట్టు నల్లబడింది! బంగారం ఈ గ్యాసుకు లొంగదు. పూత పలచబడ్డచోట లోపలి రాగి బయటపడి, గంధకంతో కలిసి కాపర్ సల్ఫైడు అయింది. మేమందరం నవ్వాం, వాడూ నవ్వేశాడు. ఆ సాయంత్రం పిన్నిగారికి జవాబు చెప్పగలిగాను. పూత సన్నగా ఉంటే, ఒరిపిడికి అరిగితే, చెమట తగిలితే, కిందనున్న రాగి గాలిలోని, చెమటలోని పదార్థాలతో కలిసి నల్లబడుతుందని. ఆవిడ ఊరట పడింది. నల్లబడితే ఒంట్లో ఏదో రోగమని లోకం అనుకుంటుందట, కొన్నవాళ్ళు మొహం మాడ్చుకుంటారట. "ఒంటి దోషం కాదు గదా" అని రెండుసార్లు అడిగి మరీ వెళ్ళింది.

ఇక అసలు సూత్రం. లోహాలన్నిటికీ సల్ఫైడుతో చుట్టరికమే గాని అందరిదీ ఒకే దగ్గరితనం కాదు. ద్రావణంలో ఆమ్లం ఉంటే సల్ఫైడు అయాన్లు అతి స్వల్పంగా పుడతాయి. ఆకులు తక్కువ వేసినప్పుడు మొదటి బంతిలో దగ్గరి చుట్టాలే కూర్చున్నట్టు, ఆ కొద్దిపాటి సల్ఫైడుకే రాగి, సీసం, కాడ్మియం అడుగున దిగిపోతాయి. అది రెండో గ్రూపు. తరవాత అమ్మోనియా పోసి ఆమ్లం పోగొడితే సల్ఫైడు అయాన్లు పెరుగుతాయి. అప్పుడు జింకు, మాంగనీసు, నికెలు, కోబాల్టు రెండో బంతికి కూర్చుంటాయి. అది నాలుగో గ్రూపు. అంటే అంతా ఆమ్లం ఎంతుందన్న దాని మీద నడుస్తుంది. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి. దీనితో తరవాత పని ఉంది.

విచిత్రమేమిటంటే, లేబొరేటరీలో మొదటిరోజు అందరూ ముక్కులు మూసుకుంటే నాకు మాత్రం ఆ వాసన కొత్తనిపించలేదు. ఇది మా ఉప్పుటేటి బురద వాసనే గదా అనుకున్నాను. చిన్నప్పుడు పీతలకోసం మడచెట్ల మధ్య దిగేవాళ్ళం. కాలు పెడితే మోకాలిదాకా దిగబడేది. లాగితే కాలికి కాటుకలా నల్లటి బురద, గుప్పున ఇదే వాసన. సాయంత్రానికి ఎండిన ఆ బురద గోధుమ రంగులోకి మారిపోయేది. మడచెట్ల వేళ్ళు కిందికి కాక, మేకులు దిగేసినట్టు పైకి పొడుచుకొచ్చి ఉండేవి. ఎందుకని మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. లేబొరేటరీ వాసన లేబొరేటరీదే, మా ఊరి వాసన మా ఊరిదే అన్నట్టు రెండూ నా బుర్రలో రెండు గదుల్లో ఉండిపోయాయి. రికార్డులో మాత్రం 'కుళ్ళిన గుడ్డు వాసన' అని ఎర్రసిరాతో గీత గీసి రాసేవాణ్ణి.

1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ మా సీమలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బందరులో నా గది పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే రాత్రంతా పిన్నిగారి కుటుంబంతో మంచాల కింద పడుకున్నాను. దివిసీమలో గాలితో ఆగలేదు. సముద్రమే ఊళ్ళమీదికి వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిందంటారు. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. నేను చల్లపల్లి దాకా ఎలాగో చేరి, అక్కణ్ణించి నడిచి, ఊరు చేరేసరికి నాలుగోరోజు. అమ్మా నాన్నా తమ్ముడూ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా ఎక్కి బతికారు. మామ్మ ఎక్కలేకపోయింది.

ఆ రోజుల సంగతి ఇంతకన్నా రాయను.

మరుసటి వేసవిలో, 1978లో, పరీక్షలయ్యాక ఊళ్ళోనే ఉన్నాను. పశువుల సావిడి ఉన్నచోట మేట వేసిన బురద తవ్వుతుంటే నాన్న పారకు ఏదో తగిలింది. కడిగి చూస్తే ఉగ్గుగిన్నె. మామ్మది. నాన్నకు, నాకు, తమ్ముడికి అందరికీ పాలు పట్టిన గిన్నె. కాని అది వెండిలా లేదు. నిప్పుల్లో మాడిన ఇనుపముక్కలా కారునల్లగా ఉంది. నాన్న దాన్ని తువ్వాల్లో మూటగట్టి బందరు పట్టుకెళ్ళాడు. వెండిపనివారు చూసి, "గట్టి యాసిడ్‌లో వేసి తోమాలి, తరుగు బాగా పోతుంది, గీసిన అక్షరాలు మిగలవు" అన్నారట. గిన్నె అంచున తాతయ్య మామ్మ పేరు చెక్కించాడు. నాన్న తోమించకుండా తిరిగి తెచ్చేశాడు. పిన్నిగారు కూడా చూసి, "పెడన కలంకారీ నలుపులా పట్టేసిందన్నయ్యగారూ, ఇక పోదు" అన్నదట.

నాకు అప్పుడు వెలిగింది. కలంకారీ నలుపు వేరు. అది కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నూలుకు పట్టే నలుపు. ఇది సిల్వర్ సల్ఫైడు. బురదలోని గంధకం వెండిని పట్టుకుంది. వెండి ఎక్కడికీ పోలేదు, పైపొరలో గంధకంతో కలిసి ఉందంతే. వెండికన్నా గంధకాన్ని గట్టిగా లాగే లోహాన్ని పక్కన పెడితే చాలు. అమ్మ అన్నం వండే అల్యూమినియం గిన్నెలో నీళ్ళు మరిగించి, రెండు చెంచాల చాకలిసోడా వేసి, ఉగ్గుగిన్నెను అడుగుకు తగిలేలా పెట్టాను. అల్యూమినియం తాను కరిగి, వెండిని తిరిగి వెండిగా చేస్తుంది. తోమడం లేదు, తరుగు లేదు. కొంచెం సేపటికి నలుపు చారలు చారలుగా వీడటం మొదలైంది. నీళ్ళు మార్చి మళ్ళీ మళ్ళీ చేశాను. అంచున మామ్మ పేరులో మొదటి అక్షరం కనిపించింది.

నేను ఉత్సాహంతో "అమ్మా, చూడు" అని కేకేశాను. అమ్మ వచ్చింది. గిన్నెలోంచి ఆవిరితోబాటు పలచగా ఆ వాసన లేచింది. విడిపోయిన గంధకం తాలూకు వాసన. అమ్మ గిన్నె వైపు చూడనే లేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళితే, "ఆ వాసన వద్దు నాయనా. నీళ్ళు తీసిన తరవాత నెల్లాళ్ళు ఊరంతా అదే" అన్నది.

మూడేళ్ళు రికార్డులో ఎర్రగీత గీసి రాసిన మాట అది. అమ్మ నోట విన్నాక మళ్ళీ అలా గీత గీయబుద్ధి కాలేదు.

ఆ ఏడే ఎం.ఎస్సీ.కి మీ కాలేజీకి, అదే మన కాలేజీకి, వచ్చాను. ఇక్కడి లైబ్రరీలో సిలబస్‌లో లేనిది ఒకటి వెతుక్కున్నాను: మా బురదకు ఆ వాసన ఎందుకు? జవాబు కెమిస్ట్రీ బీరువాలో కాదు, పక్కనున్న సూక్ష్మజీవశాస్త్రం బీరువాలో ఉంది. లీటరు సముద్రపునీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. నదినీటిలో దానికి ఎన్నో రెట్లు తక్కువ. గాలి చొరని బురదలో, కుళ్ళే ఆకూ అలమూ మధ్య, కొన్ని బాక్టీరియా ప్రాణవాయువుకు బదులు ఈ సల్ఫేటుతోనే కాలక్షేపం చేస్తాయి. మనం గాలి పీల్చి కార్బన్ డయాక్సైడు వదిలినట్టు అవి హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి. 1895లో వీటిని కనిపెట్టిన బైయరింక్ కూడా డెల్ఫ్ట్ వాడే, కిప్ ఊరివాడు! ఆ గ్యాసు మట్టిలోని ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడు. అదే మా కాలికంటిన కాటుక. గాలి తగిలితే తిరిగి తుప్పు రంగు. మడచెట్టు వేళ్ళు పైకి పొడుచుకు రావడం కూడా కింద దొరకని గాలికోసమే. కిప్స్ బుడ్డిలో మేం వేసే నల్లముక్కలూ మా బురదా వరసకు ఒకటేనని తెలిసిన రోజున లైబ్రరీలో ఒంటరిగా నవ్వుకున్నాను. మా ఊరంతా ఒక పెద్ద కిప్స్ ఎపరేటస్ అన్నమాట.

ఇంత తెలిసినవాణ్ణి గదా, ఏం చేశాను? ఇప్పుడు అది చెప్పాలి.

1981 నించి గుడివాడలో ఉద్యోగం. బ్లాకుబోర్డు మీద రెండో గ్రూపు, నాలుగో గ్రూపు, ఆమ్లం, సల్ఫైడు అయాన్లు, మొదటి బంతి, రెండో బంతి అంటూ ఏటా అదే పాఠం. పిల్లలు నవ్వేవారు, పాసయ్యేవారు. 1990 తరవాత మా తీరమంతా రొయ్యల చెరువుల మోజు. తమ్ముడు కూడా వరి మానేసి, అప్పుచేసి, చెరువు తవ్వి టైగర్ రొయ్య వేశాడు. మొదటి పంట బంగారం. రెండో పంటకు చెరువు ఆరబెట్టే ఓపిక కూడా లేక వెంటనే నీరు పెట్టాడు. 1993లో, తొంభై రోజుల పిల్ల మీద ఉండగా, ఒక తెల్లవారుజామున రొయ్యలు గట్ల వెంట చేరి తేలడం మొదలెట్టాయి. మూడు రోజుల్లో చెరువు ఖాళీ. పిల్ల మంచిది కాదన్నాడొకడు, మేత కల్తీ అన్నాడొకడు. తెల్లమచ్చ వైరసు మా వైపు విరుచుకుపడింది ఆ తరవాత. ఇది అది కాదు. అప్పు తీర్చడానికి తమ్ముడు రెండెకరాలు అమ్మాడు. మామ్మ వాటా అది.

నేను వెళ్ళేసరికి చెరువు నీరు తీసేశారు. గట్టు మీద నిలబడ్డాను. మధ్యలో గుండ్రంగా, బండి చక్రమంత కాదు, ఇంటి చావడంత మేర నల్లగా ఉంది. మిగిలిపోయిన మేత, పెంట అంతా అక్కడ పేరుకుంది. కర్రతో గుచ్చితే గుప్పుమంది. తమ్ముడు అన్నాడు: "నెలరోజుల్నించీ ఈ వాసన వస్తోందన్నయ్యా. బురద వాసనేగా అనుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. పగలు నీటిలోని నాచు ఎండకు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అన్నీ ఊపిరి వదిలి నీరు కొంచెం పులుపెక్కుతుంది. తెల్లవారుజాముకు ప్రాణవాయువూ కనిష్ఠం, పి.హెచ్.ా కనిష్ఠం. పి.హెచ్. 8 దగ్గర ఉంటే నీటిలోని సల్ఫైడులో పదోవంతు మాత్రమే విషపు గ్యాసు రూపంలో ఉంటుంది. 7కు దిగితే సుమారు సగం. ఆమ్లం పెరిగితే అయాన్లు తగ్గి గ్యాసు పెరుగుతుంది. పన్నెండేళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్నది ఇదే! అడుగు ఆరబెట్టి నెర్రెలిస్తే గాలి తగిలి సల్ఫైడు నశిస్తుంది. సున్నం చల్లితే పులుపు విరుగుతుంది. ఈ రెండు ముక్కలు వాడికి ఒక ఉత్తరంలో రాయవచ్చు. రాయలేదు. దాచుకోవాలని కాదు, తోచక. గుడివాడకు మా ఊరికి మధ్య దూరం బస్సులో కొన్ని గంటలే. నా పాఠానికి మాత్రం అన్నేళ్ళు పట్టింది.

తమ్ముడు నన్నొక్క మాట అనలేదు. "చెప్పొచ్చుగా అన్నయ్యా" అని ఉంటే బాగుండేది.

వరిలోనూ ఇంతే. నీరు నిలవ ఉండి మురుగు తీయని మడిలో సల్ఫైడు చేరితే వేళ్ళు నల్లబడతాయి, పైరు గిడసబారుతుంది. మా పెద్దలు మధ్యలో ఒకసారి మడి ఆరగట్టేవారు. కారణం తెలియకపోయినా పని సరిగ్గానే చేశారు. మాకు కారణం తెలుసు, పని చెయ్యలేదు.

ఇప్పుడు తమ్ముడి కొడుకు వనామీ రొయ్య వేస్తున్నాడు. పంటకూ పంటకూ మధ్య చెరువు ఆరబెట్టి దున్నుతాడు. తెల్లవారుజామున లేచి పి.హెచ్. చూసుకుంటాడు. రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాడు. అనుమానం వస్తే నాకు ఫోను చేస్తాడు: "పెదనాన్నా, అడుగు మట్టి నల్లబడుతోంది, వాసన లేదు." వాసన లేదంటేనే నాకు భయం. మీకూ చెబుతున్నాను. ఈ గ్యాసు గాలిలో పదిలక్షల్లో ఒక పాలు కన్నా తక్కువున్నా ముక్కు పట్టేస్తుంది. కాని వందపాళ్ళు దాటేసరికి ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన పోయిందని ముందుకు వెళ్ళినవాడు కూలిపోతాడు. మురుగు గోతుల్లో, మూసిన బావుల్లో ఒకరిని రక్షించబోయి ఇంకొకరు పోవడానికి ఒక కారణం ఇదే.

నా క్లాసుమేటు ఒకడు ఆయిల్ రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ప్రతివాడి చొక్కాకూ ఈ గ్యాసును పట్టే మీటరు ఉంటుందట. వాడు చెప్పిన మాట వినండి. డీజిలులోని గంధకం తీయడానికి వాడే కోబాల్టు-మాలిబ్డినం కాటలిస్టు ఆక్సైడు రూపంలో వస్తుంది. అలాగే వాడితే సరిగా పని చెయ్యదు. ముందు హైడ్రోజన్ సల్ఫైడు పట్టించి దాన్ని సల్ఫైడుగా మార్చాలి. సల్ఫైడింగ్ అంటారు. 2020 ఏప్రిల్ నించి మన దేశంలో డీజిలులో గంధకం పదిలక్షల్లో 10 పాళ్ళకు మించకూడదని నియమం. ఆ శుభ్రత అంతా ఆ నల్ల సల్ఫైడు చలవే. "మీ రొయ్యకు విషమైందే మా కాటలిస్టుకు ఉగ్గుపాలురా" అన్నాడు వాడు. వాడికి మా ఉగ్గుగిన్నె సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ గిన్నె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నా పిల్లలకూ తమ్ముడి పిల్లలకూ దానితోనే పాలు పట్టారు. గాలిలో ఉన్న కొద్దిపాటి గంధకానికే ఏటా కాస్త మసకబారుతుంది. దాన్ని ఎప్పుడూ అల్యూమినియం, సోడాలతోనే బాగుచేస్తాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆవిడ ఇంట్లో లేనప్పుడు, పెరట్లో చేసేవాణ్ణి.

విద్యార్థి మిత్రులకు ఒక్క మనవి. మీ ప్రాక్టికల్ రికార్డులో మూడు వరసలుంటాయి: ప్రయోగము, పరిశీలన, అనుమితి. నాలుగో వరస ఒకటి మీరే గీసుకోండి. 'ఇది మా ఊళ్ళో ఎక్కడుంది?' అని పైన రాసుకోండి. దానికి మార్కులుండవు. చాలా పేజీల్లో అది ఖాళీగానే ఉంటుంది. ఎప్పుడైనా ఒకటి నిండితే ఆ రాత్రే ఇంటికి ఫోను చెయ్యండి. నాలాగా పన్నెండేళ్ళు ఆగవద్దు.